పడుకోని మంచానికి అద్దె, ఆ అద్దెపై పన్ను

హోటలు గదికి ముందుగా సొమ్ము చెల్లించి, ఏ కారణం చేతనో వెళ్లలేకపోయిన వానికి ఆ సొమ్ము తిరిగి దక్కుతుందా? ఈ ప్రశ్నకు జవాబుదారీ వహించే శాఖ రాజధానిలో ఒక్కటీ లేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో సత్రాలు, సత్రాల యజమానులు రాష్ట్రాల జాబితాలోని 31వ అంశం. కాంట్రాక్టులు ఉమ్మడి జాబితాలోనివి. వినియోగదారుల రక్షణ చట్టం పార్లమెంటు చేసినది. పన్ను మాత్రం ఉభయులదీ. ఇన్ని చేతులు కలిసిన చోట పన్ను వసూలు చేసే చెయ్యి ఒక్కటే చురుకుగా పనిచేస్తున్నది.

2022 ఆగస్టు 3న కేంద్ర ఆర్థిక శాఖ ఒక సర్క్యులరు జారీ చేసింది. బుకింగు రద్దయినందుకు హోటలు మినహాయించుకునే సొమ్ము కూడా జీఎస్టీకి లోబడినదేనని, గదికి ఏ రేటో దానికీ అదే రేటని అందులో స్పష్టం చేసింది. అంతకు పదహారు రోజుల ముందే, జూలై 18 నుంచి, రోజుకు వెయ్యి రూపాయల లోపు గదులకు ఉండిన మినహాయింపు తొలగిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏడున్నర వేల వరకు గల గదులపై రేటు అయిదు శాతానికి తగ్గిన మాట నిజమే. కాని ఎవరూ పడుకోని మంచంపై పన్ను రాబట్టడానికి తర్కం దొరికిన ప్రభుత్వానికి, ఆ మంచం తాలూకు సొమ్ములో ఎంత వాపసు రావాలో చెప్పే నిబంధన మాత్రం నేటికీ దొరకలేదు.

ఇది విహారయాత్రలు చేసే కలవారి గొడవ అని తీసిపారవేయరాదు. కలకత్తాలోని ఏక్‌బాల్‌పూర్ సంగతి చూడండి. డైమండ్ హార్బర్ రోడ్డు మీద పెద్ద ఆసుపత్రులు, సందులలో నర్సింగ్ హోములు, వాటిని అంటిపెట్టుకొని చిన్న చిన్న లాడ్జీలు, గెస్ట్‌హౌసులు. పక్కనే ఖిదిర్‌పూర్ డాక్ ప్రాంతం; అక్కడ తరతరాలుగా బ్రతుకుతున్న తెలుగు శ్రామిక కుటుంబాలున్నాయి. ఇటువంటి చోట గది తీసుకునేది సరదాకు కాదు. రోగి లోపల ఉంటే వెంట వచ్చినవారు తల దాచుకోవడానికి. వైద్యం తేదీలు రోగి చేతిలో ఉండవు. వైద్యుని చేతిలో కూడా పూర్తిగా ఉండవు.

మా బావగారికి అక్కడి ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స నిర్ణయమైనప్పుడు, అక్కయ్య ఉండడానికి ఆరు రాత్రులకు గది నేనే ఢిల్లీ నుంచి ఒక బుకింగు సంస్థ ద్వారా తీసుకున్నాను. రాత్రికి పదిహేను వందల చొప్పున తొమ్మిది వేల రూపాయలు. రక్తంలో చక్కెర అదుపులో లేదని వైద్యులు శస్త్రచికిత్సను రెండు వారాలు వాయిదా వేశారు. నాలుగు రోజుల ముందే రద్దు కోరాను. సొమ్ము సంస్థ వద్ద ఉన్నదని హోటలు, హోటలు ఒప్పుకోవాలని సంస్థ, ఒకరి వైపు మరొకరు వేలు చూపారు. ‘వాపసు లేదు’ అన్న షరతు ఇద్దరికీ కంచుకోట. అదే తేదీలకు గది కావాలని మా మేనల్లుడు హోటలుకు వెళ్లి అడిగితే, ఆ వారమంతా ఒక్క గదీ ఖాళీ లేదని కౌంటరు గుమాస్తా బదులిచ్చాడు. మా గది కూడా నిండిందన్న మాట. ఒకే మంచానికి రెండు అద్దెలు! ఈ మాటనే ఆధారం చేసుకొని ఇద్దరికీ రిజిస్టరు పోస్టులో నోటీసు పంపిన తర్వాత, ఇరవై మూడు రోజులకు అయిదు రాత్రుల సొమ్ము తిరిగి వచ్చింది.

సొమ్ము వచ్చింది కనుక కథ సుఖాంతమని కాదు. నోటీసు రాయగలిగినవానికి వచ్చింది. రాయలేనివాని మాటేమిటి?

హోటలువారు అచ్చు వేసిన షరతే చట్టం కాదని పాఠకులు గ్రహించాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత చెల్లించాలని ముందే రాసుకున్నా, న్యాయస్థానం ఇప్పించేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారం మాత్రమే. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం నష్టపోయినవాడు కూడా చేయాలని 73వ సెక్షన్ వివరణలో ఉంది. 2015లో కైలాస్‌నాథ్ అసోసియేట్స్ కేసులో, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ జప్తు చేసుకున్న బయానాను సుప్రీంకోర్టు వడ్డీతో సహా వాపసు ఇప్పించింది. కొనుగోలుదారు ఒప్పందం తప్పలేదన్నది ఒక కారణం. అథారిటీకి నష్టమే కలగలేదన్నది రెండవది. అదే స్థలాన్ని అథారిటీ అంతకు మూడు రెట్లకు పైగా ధరకు తిరిగి వేలం వేసింది మరి. తిరిగి అద్దెకు పోయిన గదికీ, తిరిగి వేలమైన స్థలానికీ నీతి ఒకటే.

అయితే హోటలు యజమాని పక్షాన కూడా ఒక మాట ఉంది, దానిని విస్మరించరాదు. ఖాళీగా గడిచిన రాత్రిని మర్నాడు అమ్ముకోలేము. పది గదుల లాడ్జిలో రెండు గదులు చివరి క్షణంలో రద్దయితే ఆ రోజు ఆదాయంలో అయిదవ వంతు పోయినట్లే. వాపసు ఉన్న గది ఒక ధరకు, వాపసు లేని గది అంతకంటె చౌకగా పక్కపక్కన చూపి, తెలిసి చౌకది ఎంచుకున్నవాడు ఆ తర్వాత మొరపెట్టుకోవడం అంత న్యాయం కాదు. అది నిజమైన బేరం. కాని రెండవ ధర అనేదే చూపకుండా, ఉన్న ఒక్క ధరకే వాపసు లేదన్న షరతు తగిలిస్తే అది బేరం కాదు, బలవంతం.

ఈ తేడాను మన న్యాయవ్యవస్థ నిన్న కనిపెట్టలేదు. కలకత్తాలో ప్రధాన కార్యాలయం ఉండిన ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్‌కు, దాని ఉద్యోగి బ్రజోనాథ్ గంగూలీకి నడిచిన వ్యాజ్యంలో 1986 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు చెప్పింది. బేరమాడే శక్తి లేనివాడు గత్యంతరం లేక ఒప్పుకున్న అన్యాయపు షరతు చెల్లదని దాని సారాంశం. అంతకు రెండేళ్ల ముందే, 1984లో, లా కమిషన్ తన 103వ నివేదికలో అన్యాయపు షరతులపై చట్టం కావాలని సూచించింది. 2006లో జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన కమిషన్ 199వ నివేదికతో పాటు ముసాయిదా బిల్లునే సిద్ధం చేసి ఇచ్చింది. మన తెలుగు న్యాయమూర్తి రూపొందించిన ఆ బిల్లు చట్టం కాలేదు. తుదకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘అన్యాయమైన కాంట్రాక్టు’ అన్న మాట చోటు చేసుకున్నది. కలిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా విధించడం అందులో ఒక లక్షణం.

ఇచ్చిన చేతితోనే కొంత తీసుకోవడం ప్రభుత్వాలకు అలవాటు. అన్యాయమైన కాంట్రాక్టుపై ఫిర్యాదు వినే అధికారం చట్టం రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు మాత్రమే ప్రత్యేకించి ఇచ్చింది. జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. పలాసలోని మనిషి తొమ్మిది వేల రూపాయల షరతు చెల్లదనిపించుకోవడానికి రాష్ట్ర కమిషన్ మెట్లెక్కాలా? సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న పేర్లతో జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చుననుకోండి. కాని సూటిగా ఉండవలసిన దారిని చుట్టు తిప్పడం ఎందుకు?

రైల్వేలను చూసి నేర్చుకోవలసింది ఉంది. 2015 నాటి నిబంధనలలో రైల్వే వాపసుకు మెట్లు కట్టింది: బయలుదేరడానికి నలభై ఎనిమిది గంటల ముందైతే స్వల్ప రుసుము, ఆ తర్వాత పన్నెండు గంటల వరకు నాలుగవ వంతు, ఆపై నాలుగు గంటల వరకు సగం. తత్కాల్ టికెట్టుకు వాపసు నిరాకరించిన మాట వాస్తవమే. కాని ఎవరి వాటా ఎంతో ముందే అందరికీ తెలుసు. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఘోర ప్రమాదానికి గురై, హౌరా–చెన్నై మార్గం స్తంభించి, ఎన్నో రైళ్లు రద్దయ్యాయి. రద్దయిన రైలుకు పూర్తి చార్జీ వాపసు రావడం నియమం. ఆ రైలునే నమ్ముకొని కలకత్తాలో గది తీసుకున్నవానికి మాత్రం దిక్కు ఆ అచ్చు షరతే. లాక్‌డౌను కాలపు విమాన టికెట్ల విషయంలో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు జోక్యం చేసుకొని వాపసుకు మార్గం చూపింది. అది విమానాలకే పరిమితమైంది. హోటళ్లకు అటువంటి నిబంధన ఏదీ రాలేదు.

నిబంధనలు బొత్తిగా లేవనీ కాదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, తామే ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అటువంటి రుసుమే భరించని ఆన్‌లైన్ సంస్థ వినియోగదారుని నుంచి రద్దు రుసుము వసూలు చేయరాదు. ఆన్‌లైనులో గది తీసుకున్నవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే. ఫిర్యాదు చేయడానికి కలకత్తా దాకా వెళ్లనక్కరలేదు. 2019 చట్టం ప్రకారం తాము నివసించే చోటనే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. రద్దు కోరిన తేదీ, దానికి వచ్చిన జవాబు, ఆసుపత్రి ఇచ్చిన వాయిదా కాగితం భద్రపరచుకుంటే సగం పని అయినట్లే.

ప్రభుత్వం చేయవలసినది బ్రహ్మవిద్య కాదు. రైల్వేల వలె హోటళ్లకూ వాపసు మెట్లు నిర్ణయించాలి. రద్దయిన గది తిరిగి అద్దెకు పోతే, కొద్దిపాటి ఖర్చులు పోను, మొదటివాని సొమ్ము మొదటివానికి చేరాలి. వైద్యం వాయిదా పడినట్లు ఆసుపత్రి కాగితం ఉంటే తేదీ మార్పుకు హక్కు ఉండాలి. అన్యాయమైన కాంట్రాక్టును విచారించే అధికారం జిల్లా కమిషన్లకూ దఖలు పడాలి. హోటళ్లు రాష్ట్రాల జాబితాలోనివని కేంద్రం చేతులు దులుపుకోరాదు. పన్ను విధించేటప్పుడు ఆ జాబితా అడ్డు రాలేదు కదా!

1867లో తెల్లదొరలు చేసిన సరాయిల చట్టంలోనే, సత్రపు యజమాని తన రేట్ల పట్టికను మేజిస్ట్రేటు చెప్పిన భాషలలో అందరికీ కనబడేలా ప్రదర్శించాలని రాసి ఉంది. బాటసారికి తాను దేనికి ఎంత చెల్లిస్తున్నాడో తెలియాలన్న పాటి ఇంగితం పరాయి పాలకులకు ఉండినది. నూట యాభై ఏళ్లు దాటిన తర్వాత మన పార్లమెంటు సభ్యులు అంతకంటె ఒక్క అడుగు ముందుకు వేయలేరా? రాబోయే సమావేశాలలో వినియోగదారుల వ్యవహారాల మంత్రిని ఈ విషయమై నిలదీయవలసిన బాధ్యత ఉభయ తెలుగు రాష్ట్రాల సభ్యులపై ఉన్నది.