ఎండలో తేలాల్సిన జబ్బుకు నీడలో వైద్యమా?

ముద్దనూరు: ఎండకు పేరుపడిన ఈ ప్రాంతంలో, ఎండను కనిపెట్టే పరికరం చెడిందో లేదో తెలియక కార్ల యజమానులు డబ్బు పోగొట్టుకుంటున్నారంటే నవ్వులాటగా తోచవచ్చు. కానీ జరుగుతున్నది అదే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దారులలో తిరిగే కార్లలో 'ఆటో' ఏ.సి. ఉన్నవి ఇప్పుడు అరుదు కావు. అంకె ఒకటి పెట్టి వదిలేస్తే చలువ ఎంత ఉండాలో, గాలి ఎంత వీయాలో బండి తనంతట తానే చూసుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ముందుసీటులోని మనిషి చెమటతో తడిసిపోతున్నా, ఆ అంకె మాత్రం 24 చూపుతూ నింపాదిగా ఉంటే బాడుగకు ఎక్కినవాడికీ డ్రైవరుకూ తగవు తప్పదు.

అంకె చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. లోపలి గాలి 24 డిగ్రీలే ఉన్నా, అద్దంలోంచి ఎండ నేరుగా పడే మనిషికి ఒళ్లు కాలుతుంది. ఈ తేడాను సరిదిద్దడానికే డాష్‌బోర్డు మీద, ముందు అద్దం మొదట్లో, చొక్కా గుండీ అంతటి నల్లటి బుడిపె ఒకటి అమర్చి ఉంటుంది. అదే ఎండ సెన్సార్. దానిలోని ఫోటోడయోడ్‌పై వెలుగు పడినకొద్దీ కరెంటు ఎక్కువ పారుతుంది. దానిని బట్టి గాలి వేగం పెరుగుతుంది, చల్లదనం హెచ్చుతుంది. సెన్సార్ తీగ తెగితే బండి లెక్కలో ఎప్పుడూ చీకటే.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా షెడ్డులో మొదలవుతున్నది. "గ్యాస్ తగ్గిందన్నా" అని ఒకరు నింపుతారు. ఫలితం లేకపోతే మరొకరు రేకుల నీడలోనే స్కానర్ తగిలించి, "ఎండ సెన్సార్ పోయిందన్నా, కొత్తది తెప్పించాల" అంటారు. నీడలో ఆ మాట రావడంలో వింత లేదు. చీకటి చోట పరీక్షిస్తే సెన్సార్ బాగున్నా లోపమున్నట్లు కోడ్ రావచ్చునని టొయోటా సర్వీసు పుస్తకాలే హెచ్చరిస్తున్నాయి. ట్యూబులైటు వెలుగులో ఎంతసేపు పెట్టినా ప్రయోజనం లేదు. ఈ సెన్సార్లు ముఖ్యంగా పసిగట్టేది ఎండలోని పరారుణ కిరణాలను. అవి ట్యూబులైటులో లేనట్టే లెక్క. అందుకే, ఎండ లేనప్పుడు పాతకాలపు ఫిలమెంటు బల్బును అడుగు దూరంలో పెట్టి చూడమంటారు. ముద్దనూరులో ఆ బల్బు ఖర్చు కూడా అక్కరలేదు కదా!

బండిని షెడ్డు బయటికి తోసి, అద్దం తుడిచి, డాష్‌బోర్డుపై పరచిన గుడ్డను తొలగించాలి. దేవుని బొమ్మ ఆ బుడిపెకు అడ్డంగా ఉంటే పక్కకు జరపాలి. ఈ పని చేయకుండా సెన్సార్‌ను నిందించడం కళ్లకు గంతలు కట్టి చూపు లేదనడం వంటిదే. తర్వాత 'ఆటో'లో 24 పెట్టి, లోపల కుదురుకున్నాక బుడిపెపై మందమైన నల్లగుడ్డ కప్పాలి. నిమిషంలో తీర్పు చెప్పరాదు. చెట్ల నీడలు మారినప్పుడల్లా గాలి హెచ్చుతగ్గులు కాకుండా చాలా కార్లలో స్పందనను కావాలనే నెమ్మదిగా ఉంచుతారు. కొన్ని నిమిషాలు ఆగితే గాలి తగ్గాలి, గుడ్డ తీస్తే మళ్లీ పెరగాలి. స్కానర్ ఉంటే కోడ్ కాక అంకె చూడాలి. నిర్మలమైన మధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల ఎండ కాస్తుంది. అద్దం వెనుక కొంత తగ్గినా, గుడ్డ కప్పినప్పుడూ తీసినప్పుడూ అంకె కదలకపోతేనే అనుమానానికి చోటు.

అప్పుడైనా ముందు చూడవలసింది ప్లగ్గు, తీగ. డాష్‌బోర్డు కింద ఎలుక కొరికిన తీగకు కొత్త సెన్సార్ ఏమి చేస్తుంది? రెండు తీగల సాదా రకమైతే విప్పి మీటరు పెట్టి, తీగలు తిప్పి కూడా చూస్తే, ఎండలో ఒక అంకె, నీడలో మరొక అంకె రావాలి.

మరొక మాట. అంకెను 'లో'కు దించినా చల్లబడకపోతే అది ఎండ సెన్సార్ జబ్బు కాదు. గ్యాస్, కంప్రెసర్, ఫ్యాన్ చూసుకోవాలి. 'లో'లో చల్లగా ఉండి 24లో ఉక్కపోస్తే లోపలి వేడిని కొలిచే సెన్సార్‌నూ అనుమానించాలి. దాని చిన్న జాలీలో దుమ్ము పేరుకుంటే లెక్క తప్పుతుంది. సిమెంటు లారీలు, బూడిద లారీలు తిరిగే ఎర్రగుంట్ల దారిలో దుమ్ముకు కొదవా?

మెకానిక్కులను ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు. కార్బురేటరు విప్పి నేర్చినవారి చేతికి స్కానర్ వచ్చిందే గాని, అది చూపే కోడ్‌ను ఎలా శంకించాలో చెప్పినవారు లేరు. ఐ.టి.ఐ.లు ఇటువంటి పనికి పదిరోజుల సాయంకాలపు తరగతులు పెడితే నష్టమేమిటి? అంతవరకు యజమానులు రెండు విషయాల్లో పట్టుబట్టాలి. సెన్సార్ మార్చేముందు ఎండలో పరీక్ష తమ కళ్లముందే జరగాలి. మార్చిన పాత సెన్సార్‌ను తమ చేతికివ్వాలి. దాన్ని మరో షెడ్డుకు తీసుకువెళ్లి, పగలు పన్నెండింటికి మీటరు పెట్టించి చూసుకోవచ్చు.