వెనుదిరగడం పిరికితనం కాదు



మన ఆగిరిపల్లి చుట్టుపక్కల వారికి వేసవి గాలిదుమారం కొత్త కాదు. మామిడి కోతకొచ్చే వేళకే ఈదురుగాలి లేస్తుంది. ఒక్క సాయంత్రంలో చెట్ల కింద కాయ పరుచుకుపోతుంది. అలాంటి ఒక రోజున గన్నవరంలో దిగవలసిన విమానం కిందికి వచ్చినట్టే వచ్చి మళ్ళీ పైకి లేచిపోవడం హాస్టల్ డాబా మీద నుంచి చూశాం. "పైలట్ భయపడ్డాడురా" అని నవ్వుకున్నాం. ఆ నవ్వు తప్పని తర్వాత తెలుసుకున్నాం.

విమానాన్ని గాలిలో నిలిపేది రెక్కల మీదుగా పారే గాలే. ఎదురుగాలి ఒక్కసారిగా తగ్గితే రెక్కల బలం తగ్గి విమానం కిందికి జారుతుంది. బాగా ఎత్తులో ఉంటే సర్దుకోవచ్చు. నేల దగ్గర పడ్డాక సర్దుకోవడానికి చోటుండదు. పక్కగాలి అయితే రన్‌వే మీద నుంచి పక్కకు నెట్టేస్తుంది.

చిన్న విమానాలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పైలట్ శిక్షణలో వాడే సెస్నా 172లో నలుగురే కూర్చోగలరు. నిండా బరువు వేసినా సుమారు 1,100 కిలోలే. దానిని తయారు చేసినవారు దించి చూపిన పక్కగాలి వేగం 15 నాట్లు, అంటే గంటకు 28 కిలోమీటర్లు. గాలి ఎగుడుదిగుడుగా వీస్తుంటే ఆ తేడాలో సగం వేగం అదనంగా కలుపుకొని దిగాలని శిక్షణలో నేర్పుతారు. అప్పటికీ కుదరకపోతే మళ్ళీ పైకి లేవాలి.

గాలిని ఎవరూ ఆపలేరు. ఆగవలసింది మనిషే. 2020 ఆగస్టు 7న కేరళలోని కోజికోడ్‌లో వానలో, వెనుకగాలితో దిగిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కొండ మీది రన్‌వే దాటి పల్లంలో పడింది. 21 మంది మరణించారు. మళ్ళీ పైకి లేవమని సహ పైలట్ చెప్పినా ప్రధాన పైలట్ దించడానికే పూనుకున్నాడని దర్యాప్తు నివేదిక తేల్చింది. అంత పెద్ద విమానానికే తప్పనిది చిన్న విమానానికి తప్పుతుందా?

అందుకే మా అభిప్రాయం ఒకటే. దిగకుండా వెనుదిరిగిన పైలట్‌ను ప్రయాణికులు విసుక్కోకూడదు, యజమానులు సంజాయిషీ అడగకూడదు. శిక్షణ పొందే కుర్రవాడిని తోటివారు ఎగతాళి చేయకూడదు.

ఈ మాట మన ఇళ్ళకూ వర్తిస్తుంది. మనలో చాలామంది తల్లిదండ్రులు మామిడి తోటల్లో కూలికి వెళ్తారు. గాలి లేచిందని చెట్టు దిగిన మనిషిని "ఇంత పిరికా" అంటారు. కాయ రాలితే ఒక ఏడాది నష్టం. మనిషి పడితే ఆ ఇల్లే కూలిపోతుంది.

ఇకమీదట గన్నవరం వైపు విమానం మళ్ళీ పైకి లేస్తే నవ్వకుండా చప్పట్లు కొడదాం. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు "గాలి లేస్తే చెట్టు దిగిపో నాన్నా" అని చెబుదాం.

— పదో తరగతి విద్యార్థులు