అమ్మిన చేతికి సంకెల లేదా?

తుపాకి తనంతట తాను సముద్రము దాటి రాదు. దానిని చేసినవాడొకడు, అమ్మినవాడొకడు, దొంగపత్రములు పుట్టించినవాడొకడు, ఓడకో విమానమునకో ఎక్కించినవాడొకడు ఉందురు. ఇందరి చేతులు మారిన పిమ్మటనే అది మన ఒడ్డు చేరును. కాని చట్టము కన్ను పడునది ఎవరిమీద? చిట్టచివర నిలిచిన ఒడ్డుమీద. మైపాడు మొదలు జువ్వలదిన్నె వరకు ఏ పట్టపుపాలెమున కేగినను ఈ సంగతి బోధపడును. 2008 నవంబరులో బొంబాయిపై దాడి జరిగిన తరువాత తీరముపొడవునను మెరైను పోలీసు ఠాణాలు వెలసినవి. పడవలకు నంబర్లు, రంగులు, జాలరులకు గుర్తింపు కార్డులు వచ్చినవి. వలదని మే మనము. ఆ హంతకులు ‘కుబేర్’ అను చేపలపడవను పట్టి, అందలివారిని చంపి వచ్చిరి గదా! జాలరియే ఆ నేరమునకు మొదటి బలి. అట్టివానిని ఆపి కార్డు చూపుమనుచున్న లోకము, తుపాకి నమ్మినవానిని ఏమి చూపుమనుచున్నది? ఇదియే మా ప్రశ్న.

పురూలియా ఉదంతమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. 1995 డిసెంబరు 17వ తేదీ రాత్రి పశ్చిమ వంగమందలి ఆ జిల్లా గ్రామములపై ఒక ఆంటొనోవ్ విమానము వందల తుపాకులను, లక్షల తూటాలను గొడుగులు గట్టి జారవిడిచినది. సరకు బల్గేరియాది. అది బంగ్లాదేశమునకు బోవుచున్నట్లు దొంగపత్రము. విమానము నడపినవారు లాట్వియా నుండి వచ్చినవారు. బేరగాడు పీటర్ బ్లీచ్ ఆంగ్లేయుడు. సూత్రధారి డెన్మార్కు దేశీయుడగు నీల్స్ హోల్క్, మారుపేరు కిమ్ డేవీ. ఇంత జరిగిన నాలుగైదు దినములకే ఆ విమానము తిరుగుదారిలో మన పొరుగుననున్న చెన్నపట్టణమున దిగి, నూనె పోసికొని మరల లేచినది! తుదకు బొంబాయిలో బలవంతముగా దింపబడగా, హోల్క్ విమానాశ్రయమునుండియే మాయమయ్యెను. మిగిలినవారికి 2000లో యావజ్జీవ శిక్షలు పడినవి. అయినను విమాన సిబ్బంది ఆ యేడే, బ్లీచ్ 2004లో, విదేశ ప్రభుత్వముల కోరికపై క్షమాభిక్ష పొంది వెడలిపోయిరి.

దేశదేశముల సహకారము ఇందు లేకపోలేదు. విమానము రాకమునుపే బ్రిటిషువారు మన ప్రభుత్వమును హెచ్చరించియుండిరి. హెచ్చరిక కాగితమై కచేరీలలో తిరిగినది; విమానము ఆకాశమున తిరిగినది. పొరుగువాడు కేకవేసినప్పుడు లేవనివాడు దొంగను తిట్టి ఏమి లాభము?

ఇక హోల్క్ సంగతి. అతనిని అప్పగించుటకు డెన్మార్కు ప్రభుత్వము 2010లో సమ్మతించినను, అచ్చటి న్యాయస్థానములు అడ్డుపడినవి. 2011లో పై న్యాయస్థానమును, మరల 2024లో హిల్లెరోడ్ న్యాయస్థానమును అప్పగింపరాదనియే తీర్పు చెప్పినవి. కారణము? భారతదేశమున అతనికి చిత్రహింస కలుగునేమో యను భయము. ఈ మాట విని మనకు కోపము వచ్చుట సహజము. కాని కోపము వాదము కాదు. చిత్రహింసల నిషేధ ఒడంబడికపై మనము 1997లో సంతకము చేసితిమి. నేటివరకు దానిని ధ్రువపరుపలేదు. ధ్రువపరుపుమని 2017లో మన లా కమిషనే సిఫారసు చేసినది. మన ఠాణాలలో లాఠీకి హద్దు గీయకుండుట వలన మన బీదవాడు దెబ్బలు తినుచున్నాడు. పరదేశపు తుపాకుల వర్తకుడు ఆ దెబ్బలనే సాకుగా జూపి ఇంట సుఖముగా నున్నాడు. ఇంతకన్న విపరీత మున్నదా? అట్లని డెన్మార్కు నిర్దోషియని అననొల్లము. అప్పగింపనివాడు తన న్యాయస్థానముననే విచారింపవలెను. ఇంతకాలమైనను అదియు జరుగలేదు. అప్పగింపక, విచారింపక ఊరకుండుటను ఆశ్రయమనరు; అభయమందురు.

సముద్రము సంగతి మరియు వింతయైనది. 1993 జనవరిలో పులుల ఆయుధములతో వచ్చుచున్న ‘అహత్’ ఓడను మన తీరరక్షక, నావికాదళములు బంగాళాఖాతమున అడ్డగించినవి. అందలి నాయకుడు కిట్టు ఓడతో కూడ నాశమయ్యెను. బ్రతికినవారిని విశాఖపట్టణమున విచారింపగా, 1996లో అచ్చటి న్యాయస్థానము వారిని విడిచిపెట్టినది. ఓడను పట్టినది మన జలములలో కాదు, అంతర్జాతీయ జలములలో! 1982 నాటి సముద్రన్యాయ ఒడంబడిక 110వ నిబంధనను చదువుడు. నడిసముద్రమున పరదేశపు ఓడనెక్కి శోధించుటకు ఓడదొంగతనము, బానిసవ్యాపారము, అనుమతిలేని రేడియో ప్రసారము, ఏ జెండాయు లేకుండుట మొదలగు కొన్ని కారణములే చెల్లును. దొంగతుపాకులు ఆ పట్టికలో లేవు. దొంగపాటలు ప్రసారము చేయు ఓడను ఆపవచ్చునట. దొంగతుపాకులు మోయు ఓడను, అది ఎగురవేసిన జెండా దేశము సరేననువరకు తాకరాదట!

ఒడంబడికలన్న మనవారికి అనుమానము గలదు. అందులకు కారణము చరిత్రలో నున్నది. 1878 నాటి ఆయుధచట్టము మనవాని చేతి తుపాకిని లాగికొని తెల్లవానికి మినహాయింపు నిచ్చినది. 1890లో బ్రస్సెల్సున కూడిన రాజ్యములు బానిసవ్యాపారమును మాన్పుటకని చెప్పి ఆఫ్రికావారికి తుపాకులు చేరకుండ కట్టడి చేసినవి. తమ సేనల తుపాకులకు మాత్రము కట్టడి లేదు. కొనువాని చేయి కట్టి, అమ్మువాని చేయి విడిచిన సహకారము అది. దానిని మనము మరల కోరుట లేదు.

2001 నాటి ఐక్యరాజ్యసమితి ఆయుధ ప్రోటోకోలు వేరు రకముది. ప్రతి తుపాకిమీద తయారీదారు గుర్తును, వరుససంఖ్యను చెక్కవలెను. లెక్కలు పదేండ్లైనను దాచవలెను. దొరికిన తుపాకి జాడను ఒండొరులకు తెలుపవలెను. భారతదేశము 2011లో ఇందులో చేరినది. అమెరికా, రష్యాలవంటి మహావిక్రేతలు చేరలేదు. 2013 నాటి ఆయుధ వ్యాపార ఒప్పందముపై వోటు వచ్చినప్పుడు మనము తటస్థముగా నుంటిమి. ఉగ్రవాదులకు ఆయుధములు చేరుటపై అది బలహీనముగా నున్నదనియు, అమ్మువారి పక్షము వహించుచున్నదనియు మనవారి ఆక్షేపణ. ఆక్షేపణ న్యాయమే. కాని పంచాయితీకి పోనివాని మాట తీర్పులోనికెట్లు ఎక్కును? పైగా నేడు మనమును ఆయుధములు అమ్ముచున్నాము. మన తుపాకి ఎవరి ఒడ్డుకు చేరుచున్నదో చెప్పగలిగిననాడే పరుల తుపాకిని గూర్చి గట్టిగా అడుగగలము.

కాబట్టి ఢిల్లీవారిని మేము అడుగునవి నాలుగు. చిత్రహింసల ఒడంబడికను ధ్రువపరచి, ఆ సాకును తుదముట్టింపుడు. అప్పగింపని దేశము తానే విచారించునట్లు ప్రతి ఒప్పందమునను వ్రాయింపుడు. దొంగతుపాకుల ఓడను నడిసముద్రమున శోధించు హక్కుకై బంగాళాఖాతపు దేశములతో ముందుగా ఒడంబడిక చేసికొనుడు. అమ్మకపు ఒప్పందమున మన షరతులతో కూర్చుండుడు. 2019లో మన ఆయుధచట్టమును సవరించి, దొంగరవాణాకు పదేండ్లనుండి యావజ్జీవము వరకు శిక్ష విధించితిరి, మంచిదే. కాని చేతికందని నేరస్థునికి ఎన్ని యేండ్లు వ్రాసిన నేమి?

జాలరి కార్డు చూపుటకు సిద్ధముగా నున్నాడు. తుపాకుల వర్తకుడు తన చిట్టా చూపు దినము ఎన్నడో ఢిల్లీవారు చెప్పుదురు గాక.