సైకిల్ సెలవుల ప్లాను చిన్నదాని కాళ్ళని బట్టి వెయ్యండి

మీలాగే నేనూ పెద్దయ్యాక తెలుగు రాయడం నేర్చుకుంటున్నాను. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. అందుకని నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి, ఏమీ అనుకోకండి. ఈసారి ఒత్తుల గురించి కాదు, సెలవుల గురించి రాస్తున్నాను. నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. దాన్ని తెలుగులోనే చెప్పాలని ఉంది.

శనివారాలు మా డాలస్ గుడి వంటగదిలో నాలుగైదుగురం కూర్చుని పులిహోర ప్యాకెట్లు కడతాం. చేతులు పని చేస్తుంటే నోళ్ళు ఊరుకోవు కదా. ఈ మధ్య చిన్న పిల్లలున్న అమ్మలందరిదీ ఒకటే కబురు, మౌంటెన్ బైకింగ్. అక్టోబరులో మూడు రోజుల సెలవు వస్తే, కారు వెనక సైకిళ్ళు కట్టుకుని అర్కన్సాలోని బెంటన్‌విల్‌కి వెళ్ళాలని. డాలస్ నుంచి ఐదారు గంటల ప్రయాణం.

ఒక అమ్మాయి తన భర్త వేసిన ప్లాను ఫోన్లో చూపించింది. మూడు రోజులు, తొమ్మిది దారులు, రోజుకి పన్నెండు మైళ్ళు. పిల్లల వయసులు ఎనిమిది, ఐదు, రెండు. నేను అడిగింది ఒక్కటే: "ఇది ఎవరి సెలవు అమ్మా?" ఆ అమ్మాయి నవ్వేసింది. నేను మాత్రం నవ్వుకి అడగలేదు.

నా అభిప్రాయం ఇది. చిన్న పిల్లలతో వెళ్ళే సైకిల్ ప్రయాణానికి ప్లాను ఇంట్లో అందరికంటే చిన్న కాళ్ళని బట్టి వెయ్యాలి. ఆ తరవాత పెద్దవాళ్ళకి ఏం మిగులుతుందో చూడాలి. మన ఇళ్ళల్లో ఎక్కువగా తలకిందులుగా చేస్తున్నాం.

బెంటన్‌విల్ మంచి చోటే. నేను కాదనడం లేదు. వాల్‌మార్ట్ ముఖ్య కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి మన తెలుగువాళ్ళు కూడా అక్కడ బాగా ఉన్నారు. ఊరి మధ్యలోంచే మట్టి దారులు మొదలవుతాయి, తొక్కడానికి టికెట్టు లేదు. ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధాని అని ఆ ఊరు తనకి తనే పేరు పెట్టుకుంది. 2011లో తెరిచిన క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే బొమ్మల మ్యూజియం దగ్గరికి అడవిలోంచి సైకిల్ మీదే వెళ్ళచ్చు. అక్కడ మామూలు ప్రవేశం ఉచితం. రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే అని ఇంకొకటి ఉంది. ఫేయెట్‌విల్ వైపు నుంచి బెంటన్‌విల్ దాకా దాదాపు 40 మైళ్ళు, చదునుగా వేసిన దారి, చాలా భాగంలో కార్లు రావు. ఇన్ని రకాలు ఉన్నాయి కాబట్టే ప్లాను జాగ్రత్తగా వెయ్యాలి.

ముందు రంగులు. అమెరికాలో దారులకి గుర్తులు ఉంటాయి. ఆకుపచ్చ గుండ్రం అంటే తేలిక. నీలం చతురస్రం అంటే మధ్యరకం. నల్ల వజ్రం అంటే కష్టం. నాన్నలు ఇది చూసి "ఆకుపచ్చ మరీ చప్పగా ఉంటుంది, నీలం చేద్దాం" అంటారు. కానీ ఈ గుర్తులు ఐదేళ్ళ పిల్లని కొలిచి పెట్టినవి కాదు. పెద్దవాళ్ళ చక్రం దొర్లిపోయే రాయి, చిన్న చక్రానికి గోడలాగా అడ్డం వస్తుంది. పైగా ఒక ఊరి ఆకుపచ్చ ఇంకో ఊరి ఆకుపచ్చలా ఉండదు. పెద్దవాళ్ళు ఒకరు పొద్దున్నే వెళ్ళి దారి చూసి రావాలి. అప్పుడే పిల్లల్ని తీసుకెళ్ళాలి.

తరవాత సైకిలు. ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను. ఐదేళ్ళ పిల్ల సుమారు 18 కిలోలు ఉంటుందనుకోండి. పెద్ద దుకాణంలో చవకగా దొరికే ఇనుప సైకిలు 9 కిలోలు ఉండచ్చు. అంటే పిల్ల బరువులో సగం. 80 కిలోల నాన్నకి 40 కిలోల సైకిలు ఇచ్చి "ఎక్కు నాన్నా కొండ" అంటే ఏమంటాడు? పిల్ల ఏడిస్తే మాత్రం బద్ధకం అంటాం. పిల్ల సీటు మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి. బ్రేకు మీట చిన్న వేళ్ళకి అందాలి. చాలా సైకిళ్ళకి ఆ మీటని దగ్గరికి తెచ్చే చిన్న మర ఉంటుంది, తిప్పి చూడండి. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే ఉన్న సైకిలు వీధిలో పరవాలేదు, ఏటవాలు దారిలో వద్దు. హెల్మెట్ కనుబొమ్మల పైన రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి. వెనక్కి జారి నుదురు కనిపిస్తుంటే అది హెల్మెట్ కాదు, టోపీ.

రెండేళ్ళ వాడి సంగతి. వాణ్ణి వెనక ట్రైలర్‌లో కూర్చోబెట్టి లాగచ్చు. కానీ చదును దారి మీదే. రాళ్ళ దారిలో ఆ బండి ఒరిగిపోతుంది. అంటే అన్నయ్య మట్టి దారిలో ఉన్నంతసేపు చిన్నవాడి దగ్గర ఒకరు ఉండాలి. ఎవరు? నేను విన్న కబుర్లలో ఆ ఒకరు ఎప్పుడూ అమ్మే. లేకపోతే కూడా వచ్చిన అమ్మమ్మ. ఒక ఇంట్లో మూడు రోజులకీ అమ్మ ఒక్కసారి కూడా సైకిలు ఎక్కలేదట. అద్దె ఇంట్లో వండి, గిన్నెలు తోమి, బురద బట్టలు ఉతికి వచ్చింది. దానికి కుటుంబ సెలవు అని పేరు. వంతులు కాగితం మీద రాసుకోండి. మాట మీద వదిలేస్తే వంతు ఎటు జారుతుందో మనందరికీ తెలుసు.

ఇంక మైళ్ళు. మైళ్ళు లెక్కపెట్టకండి, గంటలు లెక్కపెట్టండి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట, మధ్యలో ఏమీ లేదు. మొదటి రోజు గ్రీన్‌వే చాలు. రెండో రోజు పక్క ఊరు రోజర్స్‌లో రైల్‌యార్డ్ అనే బైక్ పార్కు ఉంది, అక్కడికి వెళ్ళండి. అక్కడ పంప్ ట్రాక్ ఉంటుంది. చిన్న చిన్న గుట్టల వలయం అన్నమాట. దాని మీద పెడల్ తొక్కక్కర్లేదు, ఒంటిని పైకీ కిందకీ ఊపితే సైకిలు ముందుకి పోతుంది. పిల్లలు అక్కడ పది చుట్లు తిరిగితే ఏ మాస్టారూ నేర్పలేనిది నేర్చుకుంటారు. మూడో రోజు వాళ్ళు అడిగితే ఆకుపచ్చ దారి. అడగకపోతే మళ్ళీ పంప్ ట్రాక్. జూలై, ఆగస్టుల్లో అక్కడ ఉక్కపోత, గడ్డిలో పిడుదులు. అక్టోబరు చల్లగా ఉంటుంది. అయినా సాయంత్రం స్నానం చేయించేటప్పుడు మోకాళ్ళ వెనక, చెవుల వెనక చూడండి.

దీనికి నాకు వచ్చే జవాబు తెలుసు. "ఆంటీ, మొక్కై వంగనిది మానై వంగునా? ఇప్పుడు భయం పోకపోతే ఎప్పుడు పోతుంది?" మంచి సామెతే. కానీ అది వంచమంది, విరవమనలేదు. ఐదేళ్ళ పిల్ల నిటారు దిగుడులో పడి, ఏడుస్తుంటే మళ్ళీ ఎక్కించి, కింద దాకా తీసుకొచ్చారనుకోండి. ఆ రోజు నాన్న గెలుస్తాడు. ఆ పిల్ల మాత్రం సైకిలు మూలన పెట్టేస్తుంది. అలాంటి సైకిళ్ళు గరాజుల్లో నేను చూశాను, గాలి దిగిపోయి ఉంటాయి. ఇక్కడ ధైర్యం గురించి వాదన కాదు. రేపు కూడా వస్తానని పిల్ల తనంతట తను అనాలి, నాకు అది ముఖ్యం.

నాన్నలకి నేను శత్రువుని కాదు. వారమంతా స్క్రీను ముందు కూర్చునేవాళ్ళకి కొండ మీద ఒక గంట కావాలి, నిజమే. పొద్దున ఆరున్నరకి వెళ్ళి తొమ్మిదికి రండి, నీలం తొక్కుతారో నలుపు తొక్కుతారో మీ ఇష్టం. మర్నాడు అమ్మ వెళ్తుంది. ఆ గంటల్లో పిల్లలకి ఇడ్లీలు పెట్టేది మీరు.

అలిపిరి నుంచి తిరుమలకి మెట్లెక్కే కుటుంబాల్ని చూడండి. మూడున్నర వేల పైచిలుకు మెట్లు. ఎంత సేపట్లో ఎక్కారు అని ఎవరూ అడగరు. ముసలావిడ కూర్చుంటే అందరూ కూర్చుంటారు. పిల్లాడు జామకాయ అడిగితే ఆగుతారు. ఎవరు వెనక ఉంటే వాళ్ళ నడకే అందరి నడక. కొండ ఎక్కడం మనవాళ్ళకి కొత్త కాదు. సైకిలు ఎక్కగానే ఆ పద్ధతి ఎందుకు మరిచిపోవాలి?

మనం భాష నేర్చుకునేవాళ్ళం కాబట్టి చివరగా ఇంకో మాట. దారి మీద మాటలు తెలుగులో పెట్టుకోండి. ఎక్కుడు, దిగుడు, మలుపు, గులకరాళ్ళు, మెల్లగా, పక్కకి జరుగు. పుస్తకంలో పదిసార్లు చదివినా రాని మాట, సైకిలు మలుపు తిరుగుతుండగా ఒక్కసారి వింటే వచ్చేస్తుంది. వీటన్నిటికంటే ముందు నేర్పాల్సిన మాట "చాలు". పిల్ల "చాలు" అనగానే అందరూ ఆగాలి. ఎందుకు, ఏమిటి, ఇంకొంచెమే అనకూడదు. ఆ మాటకి బలం ఉందని తెలిసిన పిల్ల దాన్ని ఊరికే వాడదు.

ఇల్లు బుక్ చేసే ముందు ఒక పని చెయ్యండి. ఈ ఆదివారం దగ్గర్లో పార్కులో గడ్డి ఏటవాలు చూసుకుని పిల్లల్ని ఒక గంట తొక్కనివ్వండి. ఎవరు ఎంతసేపటికి "చాలు" అన్నారో రాసుకోండి. అందులో అన్నిటికంటే చిన్న అంకె తీసుకుని మీ ప్లాను వెయ్యండి.