గాలివాటం కారాని పందెం

పరుగు పందెంలో దూరం ముందే నిర్ణయమై ఉంటుంది. నూరు మీటర్ల పరుగు హైదరాబాదులోనైనా టోక్యోలోనైనా నూరు మీటర్లే. తెరచాప పడవల పందెంలో అట్టి సౌకర్యం లేదు. మంచి గాలి ఉన్ననాడు పడవ అరగంటలో చుట్టి వచ్చే దూరానికి, గాలి మందగించిన నాడు రెండు గంటలు పట్టవచ్చు. అందుచేత నిర్వాహకులు దూరానికి బదులు కాలాన్ని ప్రమాణంగా గ్రహిస్తారు. మొదటి పడవ ఇంచుమించు ఇన్ని నిమిషాలలో గమ్యం చేరాలని ముందుగా ప్రకటించి, ఆనాటి గాలివేగాన్ని కొలిచి, తదనుగుణమైన దూరంలో నీటిపై తేలే బోయాలకు లంగరు వేయిస్తారు.

ఈ లెక్క తప్పితే పందెం పందెంగా మిగలదు. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురేగలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకమారు కుడికి, మరొకమారు ఎడమకు మళ్ళుతూ వంకరటింకరగా ముందుకు సాగాలి. గాలి ఏ వైపు తిరుగబోతున్నదో పసిగట్టి పడవను మళ్ళించడంలోనే నావికుని నేర్పు ఎక్కువగా కనిపిస్తుంది. బాట మరీ పొట్టిదైతే ఆ నేర్పుకు అవకాశమే చిక్కదు. బయలుదేరేటప్పుడు ముందు నిలిచినవారే మొదటి బోయాను ముందుగా చేరుతారు. తక్కినవారు వారి తెరచాపల చాటున చెదరిన గాలితో సరిపెట్టుకోవాలి.

బాట మరీ పొడవైతే వచ్చే నష్టం ఇంకా పెద్దది. నడుమ గాలి పడిపోయి వెనుకబడిన పడవలు నడినీట నిలిచిపోతాయి. మొదటి పడవ చేరిన తరువాత నిర్ణీత వ్యవధిలో రానివారిని పందెం ముగించనివారుగా లెక్కించడం పరిపాటి. 40 పడవల పోటీలో 25వ స్థానంలో వస్తున్న బాలునికి అప్పుడు 41 పాయింట్లు పడతాయి. పాత తెరచాపతో వచ్చిన పేద బాలునికే ఈ దెబ్బ ముందుగా తగులుతుందని వేరే చెప్పనక్కరలేదు.

పందేల సంఖ్య విషయంలోనూ ఇంతటి జాగ్రత్త అవసరం. ఈ క్రీడలో ప్రథమ స్థానానికి 1, ద్వితీయ స్థానానికి 2 చొప్పున పాయింట్లు వేస్తారు; తక్కువ మొత్తం వచ్చినవారే విజేతలు. తగినన్ని పందేలు జరిగితే ఒక్కొక్కరి అతి హీనమైన ఫలితాన్ని తీసివేస్తారు. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడలలో బాలికల ఇల్కా 4 విభాగంలో భారత క్రీడాకారిణి నేహా ఠాకూర్‌కు 11 పందేలలో 32 పాయింట్లు వచ్చాయి. ఐదవ పందెంలోని 5 పాయింట్లు తీసివేయగా 27 మిగిలి, రజతం లభించింది. కాంస్యం పొందిన సింగపూర్ బాలికకు 28. ఇంత సన్నని అంతరాన్ని మూడు నాలుగు పందేలతో తేల్చబూనితే ప్రతిభ కన్న అదృష్టమే నిర్ణేత అవుతుంది. మూడు పందేలలో ఒకదానిని తీసివేస్తే మిగిలేవి రెండే కదా!

అయితే సంఖ్య పూర్తి కావాలన్న పంతమూ మంచిది కాదు. 2024 ఒలింపిక్స్‌లో మార్సెయ్ తీరాన గాలి సరిగా వీచలేదు. పురుషుల ఇల్కా 7 ప్రాథమిక దశలో 10 పందేలు అనుకొనగా 8 మాత్రమే జరిగాయి. పదకం ఆశించిన వారికది కష్టమే. అయినను వీచీ వీచని గాలిలో మరి రెండు పందేలు నడిపించడం కన్న ఆ నిర్ణయమే న్యాయమైనది.

హుస్సేన్ సాగర్ వంటి జలాశయాలలో ఈ ప్రశ్న మరింత జటిలం. చుట్టూ లేచిన కట్టడాల వలన అక్కడి గాలి ఒక దిక్కున నిలువదు. సముద్రంపై పరచే పొడవైన బాటను అక్కడ అనుకరించడం వ్యర్థం. చిన్న పందేలను ఎక్కువ సంఖ్యలో జరిపితే ఒక పందెంలో గాలి చేసిన అన్యాయం మరొక పందెంలో కొంతైనా సరిపడుతుంది. కాని ఉదయం గాలి రాలేదని సాయంకాలం ఆ లోటు పూడ్చబోయి, అలసిన బాలలను ఆరేడు పందేలకు దింపరాదు. రోజుకు ఎన్ని పందేలు, కనీసం ఎన్ని జరిగితే పోటీ చెల్లుతుంది, చివరి రోజున ఏ వేళ దాటితే కొత్త పందెం ఆరంభించరాదు అన్న మూడు అంశాలనూ తొలిరోజుకు ముందే వ్రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ వేళ దాటిన తరువాత ఎంత చక్కని గాలి వీచినా పడవలు ఒడ్డుకు చేరవలసిందే.