షరతులు సరే, దారేదీ?

నెల్లూరులో ఒక లాడ్జి గది. కత్తి పట్టింది సర్జన్ కాదు, బి.ఫార్మసీ చదువుతున్న కుర్రాళ్లు. స్త్రీగా మారాలని వెళ్లిన ప్రకాశం జిల్లా వ్యక్తి ఒకరు అక్కడే నెత్తురోడి ప్రాణం విడిచారు. కొన్నేళ్ల కిందటి ఘటన ఇది. పోలీసులు కేసు పెట్టారు, నిందితులను పట్టుకున్నారు. మనిషి ప్రాణం పోతుందని తెలిసి కూడా ఆ గదిదాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందన్న ప్రశ్న మాత్రం ఫైలు మూతపడగానే మరుగున పడింది. సరైన ఆస్పత్రి తలుపు దగ్గర షరతుల చిట్టా ఉంది, ఆ షరతులు తీర్చుకునే దారి ఊళ్లో లేదు. అసలు జవాబు అదే.

లింగమార్పిడి శస్త్రచికిత్సకు ముందు విదేశీ ఆస్పత్రులు పెట్టే షరతుల్లో ప్రాణాన్ని కాపాడేవి ఉన్నాయి, మనిషిని అనుమానించేవీ ఉన్నాయి. మొదటివాటిని పాటించాలి, రెండోవాటిని వదిలించుకోవాలి. అన్నిటికంటే ముందు, వాటిని తీర్చుకోవడానికి కావాల్సిన వైద్యం మన జిల్లాల్లో దొరకాలి. ఆ ఏర్పాటు చేయడం దయాదాక్షిణ్యం కాదు, ప్రభుత్వ బాధ్యత.

డబ్బున్నవాళ్లకు తెలిసిన దారి బ్యాంకాక్. 1970ల్లో డాక్టర్ ప్రీచా తియూత్రనాన్ మొదలుపెట్టిన ఈ శస్త్రచికిత్స కోసం ఇవాళ అన్ని ఖండాల నుంచీ జనం అక్కడికి వెళ్తున్నారు. 2009లో థాయ్ మెడికల్ కౌన్సిల్ దీనికి కట్టుదిట్టమైన నిబంధనలు రాసింది. 18 ఏళ్లలోపు వారికి ఆపరేషన్ చేయకూడదు. 18 నుంచి 20 ఏళ్ల మధ్య వారికి తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. ఇద్దరు సైకియాట్రిస్టులు పరీక్షించి సరేననాలి. విదేశీయులైతే ఆ ఇద్దరిలో ఒకరైనా థాయ్ డాక్టరు అయ్యుండాలి. అప్పటికే హార్మోన్లు వాడి ఉండాలి, కోరుకున్న జెండర్‌లో కొంతకాలం నలుగురిలో బతికి ఉండాలి.

ఈ షరతులకు మూలం డబ్ల్యూపాథ్ అనే అంతర్జాతీయ వైద్య సంఘం 1979 నుంచి ప్రకటిస్తూ వస్తున్న ప్రమాణాలు. వాటి ఏడో ప్రతి జననాంగాల శస్త్రచికిత్సకు ఇద్దరు మానసిక నిపుణుల లేఖలు, పన్నెండు నెలల హార్మోన్ వాడకం అడిగేది. కొన్ని ఆపరేషన్లకైతే కోరుకున్న జెండర్‌లో పన్నెండు నెలలు బతికి చూపించమనేది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఎనిమిదో ప్రతి ఒక్క నిపుణుడి అంచనా చాలంది. హార్మోన్లు అవసరమైనవారికి కనీసం ఆరు నెలల వాడకంతో సరిపెట్టింది. అంటే నిబంధనలు రాసినవాళ్లే అనుభవం మీద పట్టు సడలించారు.

పెద్ద నగరంలో కూర్చుని చదివితే ఇవేమంత కష్టంగా అనిపించవు. అదే నూజివీడు వైపు రసాల తోటల్లో కూలికి వెళ్లే కుటుంబంలో ఒక ట్రాన్స్ యువతి ఉందనుకుందాం. ఆమె వైపు నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. మొదటి షరతు హార్మోన్లు. ఆమె వాడుతూనే ఉంటుంది, కానీ డాక్టరు రాసినవి కాదు. తోటివాళ్లు చెప్పారని మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని, రోజుకు ఒకటి వేసుకునేవి నాలుగైదు మింగేవాళ్లు ఉన్నారు. వాటిలోని కృత్రిమ ఈస్ట్రోజెన్ మోతాదు మించితే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే మనిషి దక్కడం కష్టం. పైగా ప్రిస్క్రిప్షన్ ఉండదు, కాలేయ పరీక్ష ఉండదు, హార్మోన్ స్థాయి చూసిన రిపోర్టు ఉండదు. ఏళ్ల తరబడి వాడినా బ్యాంకాక్ ఆస్పత్రి లెక్కలో అది వాడనట్టే.

రెండో షరతు సైకియాట్రిస్టు లేఖ. ఏ ఊళ్లో ఎవరు రాస్తారో తెలియదు. వెతికి వెళ్తే, పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని చెప్పి పంపేసే డాక్టరు తగలడని నమ్మకం లేదు. మనిషి జెండర్‌ను ‘సరిదిద్దే’ చికిత్సలు వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తాయని మద్రాసు హైకోర్టు చొరవతో జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చి చెప్పింది. ఆ ఉత్తర్వు ఎన్ని కన్సల్టేషన్ గదుల దాకా చేరిందో వైద్యులే గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలి. మూడోది కాగితాలు. పాస్‌పోర్టులో పాత పేరు, ఆధార్‌లో కొత్త పేరు ఉంటే వీసా దగ్గరా, ఆస్పత్రి రిసెప్షన్ దగ్గరా ఒకటే ప్రశ్న: ఇందులో మీరెవరు?

వీటన్నిటికంటే ముఖ్యమైన షరతు ఆపరేషన్ తరవాతి సంరక్షణ. కొత్తగా నిర్మించిన యోని కుంచించుకుపోకుండా నెలల తరబడి రోజూ డైలేటర్ వాడాలి. చీము పట్టొచ్చు, మూత్రమార్గం ఇరుకు కావచ్చు. బ్యాంకాక్ సర్జను వీడియో కాల్‌లో సలహా చెప్పగలరు. అర్ధరాత్రి మూత్రం ఆగిపోతే మాత్రం ఏలూరుకో విజయవాడకో పరుగెత్తాలి. అక్కడి డ్యూటీ డాక్టరు తన చదువులో ఇలాంటి శస్త్రచికిత్స చేయించుకున్న రోగిని ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. తెలియక చేసే ఆలస్యానికీ, తెలిసి చూపే చులకనకూ మధ్య నలిగేది ఆ రోగే.

ఇంత కష్టమైతే షరతులన్నీ ఎత్తేస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. ఆ వాదన మాకు సమ్మతం కాదు. వయసు నిండాలి. ఏం జరగబోతోందో, ఏది మళ్లీ వెనక్కి రాదో, పిల్లలు కనే అవకాశం ఏమవుతుందో రోగికి తన భాషలో విడమరిచి చెప్పాలి. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉండాలి, పొగతాగడం మానాలి. గడ్డకట్టే ముప్పును అంచనా వేయాలి. తీవ్రమైన కుంగుబాటు ఉంటే ముందు దానికి చికిత్స చేయాలి. గుండె ఆపరేషన్‌కైనా మోకాలి మార్పిడికైనా సర్జన్లు పాటించే జాగ్రత్తలే ఇవి.

నువ్వు నిజంగా ఆడదానివేనా అని ఏడాది పాటు రుజువు అడగడం వేరే సంగతి. ఊళ్లో చీర కట్టుకుని తిరిగితే ఇంట్లోంచి గెంటేస్తారని, పని పోతుందని భయపడే మనిషిని, అలా తిరిగి చూపిస్తేనే వైద్యం చేస్తామనడం వైద్యం కాదు, పరీక్ష పెట్టడం. ఓటు వేయగలిగిన 19 ఏళ్ల మనిషిని, తనను వెలివేసిన తండ్రి సంతకమే తెమ్మనడమూ అంతే. 1950లో అమెరికాకు చెందిన క్రిస్టీన్ జోర్గెన్సన్ సొంత దేశంలో దారి లేక డెన్మార్క్ వెళ్తే, అక్కడ ఆమె ఆపరేషన్‌కు ఆ దేశ న్యాయశాఖ మంత్రి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అప్పటి నుంచి లోకం చాలా దూరం నడిచింది. 2012లో అర్జెంటీనా 18 ఏళ్లు నిండినవారికి వారి సమ్మతి ఒక్కటే చాలని చట్టం చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో ట్రాన్స్‌జెండర్ గుర్తింపును మానసిక రుగ్మతల జాబితా నుంచి తప్పించింది, 2022 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. రుగ్మత కాదని తేలినదానికి మతి స్థిమితం సర్టిఫికెట్లు పోగు చేయమనడంలో అర్థం లేదు.

తరవాత పశ్చాత్తాపపడితే ఎలా అనేది రెండో వాదన. అడగాల్సిన ప్రశ్నే. 27 అధ్యయనాలను, సుమారు 7,900 మంది రోగుల వివరాలను కలిపి చూసిన 2021 నాటి సమీక్ష ఒకటి, పశ్చాత్తాపపడినవారు ఒక శాతం దాకా ఉన్నారని లెక్కగట్టింది. ఆ అధ్యయనాల నాణ్యత మీద విమర్శలున్నాయి, అయినా ఎవరినీ భయపెట్టడానికి ఆ అంకె పనికిరాదు. మన దగ్గర అసలు భయం నాసిరకం వైద్యం గురించే ఉండాలి. కేరళలో రేడియో జాకీగా పేరు తెచ్చుకున్న ట్రాన్స్ మహిళ అనన్యా కుమారి అలెక్స్, తన ఆపరేషన్‌లో నిర్లక్ష్యం జరిగిందని, నిలబడి పనిచేసుకోలేని బాధ పడుతున్నానని చెప్పుకున్నారు. 2021 జులైలో ప్రాణాలు తీసుకున్నారు. తాను మహిళనన్న విషయంలో ఆమెకు సందేహం లేదు. ఆమె ఫిర్యాదంతా తనకు అందిన వైద్యం మీదే.

చట్టం ఏం చెప్పిందో గుర్తుచేయాలి. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు జెండర్ గుర్తింపు ఎవరికి వారు నిర్ణయించుకునేదని, దానికి ఆపరేషన్‌ను షరతుగా పెట్టడం చట్టవిరుద్ధమని చెప్పింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 15వ సెక్షన్‌లో శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స, ముందూ వెనకా కౌన్సెలింగ్, బీమా ఏర్పాటు ప్రభుత్వాల పని అని రాసింది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పేరుతో ఏటా రూ.5 లక్షల దాకా వైద్యానికి ఒప్పందం కుదిరింది. పొరుగున తమిళనాడు 2008లోనే సంక్షేమ బోర్డు పెట్టి, చెన్నై ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఆపరేషన్లు మొదలుపెట్టించింది. ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి ట్రాన్స్‌జెండర్లకు నెలకు రూ.4,000 పింఛను ఇస్తోంది. మంచిదే. పింఛను చేతికిచ్చి, వైద్యానికి మాత్రం ఎక్కడికైనా పొమ్మంటే అది సగం న్యాయమే.

ఈ విషయంలో ఆంధ్రకు ఒక పాత చరిత్ర కూడా ఉంది. తమిళ రచయిత్రి లివింగ్ స్మైల్ విద్య తన ఆత్మకథలో రాసిన ‘నిర్వాణం’ ఆపరేషన్ జరిగింది మన కడపలోనే. వేరే రాష్ట్రాల నుంచి రైలెక్కి మన ఊళ్లకు వచ్చి, చాలీచాలని సదుపాయాల నడుమ ఆపరేషన్ చేయించుకుని, పచ్చి గాయంతో మళ్లీ రైలెక్కి వెళ్లిన రోజులవి. పెద్ద డాక్టర్లు ముట్టుకోవడానికి భయపడ్డారు. పుంసత్వం పోగొట్టడాన్ని ‘తీవ్ర గాయాల’ జాబితాలో మొదటిదిగా రాసిన శిక్షాస్మృతి సెక్షన్ ఆ భయానికి ఒక కారణం. అది చేయగలిగినవారు వెనక్కి తగ్గిన చోట చేయరానివారు ముందుకొచ్చారు.

విదేశీ షరతు అన్న మాట మామిడి పండించే నూజివీడుకు కొత్త కాదు. పండు ఈగ ఉందని 2014లో యూరప్ మన మామిడిని నిషేధించినప్పుడు, మీ తిప్పలు మీరు పడండని ప్రభుత్వం రైతులను వదిలేయలేదు. 48 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు కాయను ఉంచే శుద్ధి కేంద్రాలు, ప్యాక్‌హౌస్‌లు, తనిఖీ అధికారులు, సర్టిఫికెట్లు రంగంలోకి దిగాయి. 2015 జనవరిలో నిషేధం పోయింది. జపాన్ ఆవిరి శుద్ధి అడిగితే దానికీ యంత్రాలు వచ్చాయి. బంగినపల్లి కాయ దేశం దాటడానికి ఇంత యంత్రాంగాన్ని కదిలించగలిగిన ప్రభుత్వం, మనిషికి ఒక హార్మోన్ క్లినిక్కు పెట్టలేనంటే ఎవరు నమ్ముతారు?

కావాల్సినవి ఆకాశంలోని చుక్కలేం కావు. ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. అక్కడి ఆస్పత్రిలోనూ, విజయవాడ సర్వజనాస్పత్రిలోనూ వారానికొక రోజు ప్రత్యేక ఓపీ పెట్టాలి. ఎండోక్రైనాలజిస్టు, సైకియాట్రిస్టు, ప్లాస్టిక్ సర్జన్ ఒకేచోట చూడాలి. మొదటి రోజు నుంచీ హార్మోన్ వాడకం కేస్ షీటుకెక్కాలి. అప్పుడు ఆపరేషన్ బ్యాంకాక్‌లో చేయించుకున్నా చెన్నైలో చేయించుకున్నా ఆ కాగితమే దారి చూపిస్తుంది. ఎన్టీఆర్ వైద్యసేవలో ఈ చికిత్సకు ఏమేం వర్తిస్తాయో, ఏ ఆస్పత్రుల్లో చేస్తారో జిల్లాల వారీగా జాబితా ప్రకటించాలి. బయట ఆపరేషన్ చేయించుకుని ఇబ్బందితో వచ్చినవారిని ఎక్కడ చేయించుకున్నావని నిలదీయకుండా చేర్చుకోవాలని ప్రతి ఏరియా ఆస్పత్రికీ రాతపూర్వక ఆదేశం వెళ్లాలి.

కలెక్టర్ కార్యాలయం నుంచి రావాల్సిన గుర్తింపు పత్రానికి 2020 నిబంధనలు 30 రోజుల గడువు పెట్టాయి. ఏ జిల్లాలో ఎన్ని దరఖాస్తులు గడువు దాటాయో ప్రభుత్వం బయటపెట్టాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో నూజివీడు కృష్ణా నుంచి ఏలూరుకు మారింది. ఇలాంటి మార్పుల పేరు చెప్పి ఏ దరఖాస్తునూ ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు తిప్పకూడదు. డిగ్రీ లేకుండా కత్తి పట్టేవారి మీద, వారికి మనుషులను చేర్చి కమీషను తినే దళారుల మీద ప్రాణం పోయాక కాదు, పోకముందే కేసులు పెట్టాలి.

వైద్యులకూ ఒక మాట. మీ దగ్గరకు వచ్చిన మనిషికి లేఖ రాసే ముందు మీకు తెలియనిది నేర్చుకోండి. భారత వైద్య నిపుణులే 2020లో మన దేశానికి తగిన ప్రమాణాలు రాసి పెట్టారు, తెరిచి చదవండి. తల్లిదండ్రులకు మరో మాట. మీ సంతకం కోసం పిల్లలు మీ గడప తొక్కినప్పుడు తలుపేయకండి. మీరు వెంట ఉంటే వాళ్లు సరైన డాక్టరు దగ్గరకు వెళ్తారు, లేకపోతే ఎవరు పిలిస్తే వాళ్ల వెంట వెళ్తారు.

ఆస్పత్రి పెట్టే న్యాయమైన షరతును మేం సమర్థిస్తున్నాం. ఆ షరతు తీర్చుకునే వీలును డబ్బున్నవాళ్లకే వదిలేయడాన్ని మాత్రం ఒప్పుకోం. వచ్చే బడ్జెట్‌లో ఉమ్మడి జిల్లాకొక క్లినిక్కు చొప్పున అయినా నిధులు కేటాయించాలి. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు చట్టసభల్లో ఈ మాట అడగాలి. అడగనివారిని ఓటర్లు అడగాలి.