కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, పని నేర్పేదెవరు?

పెనుకొండ: ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరినప్పుడు చుట్టుపట్ల పల్లెల్లో వినిపించిన మాట ఒక్కటే. ఇక మన పిల్లలు బెంగుళూరు బస్సు ఎక్కనక్కరలేదని! వానలు మొహం చాటేసి వేరుసెనగ ఎండిన ప్రతి ఏడూ మూటాముల్లె సర్దుకుని మేస్త్రీ వెంట పోయే కుటుంబాలకు ఆ ఆశ సహజమే. 2019లో కార్లు బయటకు రానే వచ్చాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల కర్మాగారమది. అయినా బెంగుళూరు వలసలు ఆగలేదు.

తప్పంతా కంపెనీల మీదకు తోసేస్తే సరిపోదు. అక్కడ వెల్డింగు పని వందలాది రోబోలు చేస్తున్నాయి. రోబో ఆగిపోతే ఎందుకు ఆగిందో కనిపెట్టే మనిషి, కొలతలో వెంట్రుకవాసి తేడా పట్టగల మనిషి కావాలి. పదో తరగతి తప్పిన కుర్రవాడికి ఎంత కండబలమున్నా ఇటువంటిచోట దొరికేది ఊడ్చే పని, తోట పని, గేటు కాపలా. అదీ కంట్రాక్టరు కింద.

స్థానికులకే 75 శాతం ఉద్యోగాలివ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2019లో చట్టం చేసింది. రచ్చబండల మీద ఆ 75 గురించే చర్చ. తగిన అర్హత గలవారు దొరకకపోతే మూడేళ్లలో స్థానికులకు తర్ఫీదు ఇచ్చి పనిలో పెట్టుకోవాలని అందులోనే రాశారు. అసలు ప్రాణం ఆ మాటలో వున్నది. దాన్ని గట్టిగా అడిగినవారు తక్కువ.

రైతుల ఇళ్లలోనూ లోపం లేకపోలేదు. అరెకరం అమ్మి అయినా కొడుకును బి.టెక్. చదివిస్తే పరువు, ఐ.టి.ఐ. ఫిట్టరంటే చిన్నచూపు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను కోర్సులు రెండేళ్లు, వెల్డరు కోర్సు ఒక్క ఏడాది. ఆడపిల్లలూ చేరవచ్చునన్న సంగతి ఎందరికి తెలుసు? అలాగని ఐ.టి.ఐ.లన్నీ సవ్యంగా వున్నాయనీ కాదు. ఆకురాయి పట్టడం నేర్పవలసిందే. కాని కంప్యూటరుతో నడిచే మిషను ముందు నాలుగు రోజులైనా నిలబెట్టకుండా సర్టిఫికెట్టు చేతికిస్తే ఆ కుర్రవాడు గేటు దగ్గరే ఆగిపోతాడు.

30 మంది, ఆపైన పనివారున్న సంస్థలు అప్రెంటీసులను తీసుకుని నెలనెలా భృతి ఇవ్వాలని 1961 నాటి చట్టం చెబుతున్నది. ఏ ఫ్యాక్టరీ ఎందరిని తీసుకుంటున్నదో, ఏ కోర్సువారు కావాలో జిల్లా అధికారులు ప్రతి పంచాయతీ ఆఫీసు బోర్డు మీద అంటించాలి. పదో తరగతి ఫలితాలు వచ్చేలోగానే అంటించాలి. ఆ తర్వాత మేస్త్రీలు అడ్వాన్సు డబ్బుతో వూళ్లోకి దిగుతారు.